డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

కావలి_డీటీపీ

సభ్యులందరికీ నమస్కారం. కావలిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు చేస్తుంటాం. పాత పనులన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాంలో అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవి కాబట్టి ఆ ఫైళ్లన్నిటికీ చివర డాట్ పీఎండీ అని ఉంటుంది. ఈ మధ్య జమాఖర్చులు రాసుకోవడానికి విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌లో ఒక ఉచిత ఆఫీస్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశాం. అప్పటి నుంచి ఏ శుభలేఖ మీద డబుల్ క్లిక్ చేసినా పేజ్‌మేకర్ రావడం లేదు. ఆ ప్యాకేజీలోని లెక్కల పట్టికల ప్రోగ్రాం తెరుచుకుని, ఫైలును చదవలేకపోతున్నట్టు చూపిస్తోంది. పేజ్‌మేకర్‌ను ముందుగా తెరిచి, ఫైల్ మెనూలో నుంచి తీస్తే మాత్రం అదే ఫైలు అక్షరం చెదరకుండా వస్తోంది. పీడీఎఫ్ ఫైళ్లు కూడా ఇంతకు ముందు రీడర్‌లో తెరుచుకునేవి, ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి.

దీన్ని ఎలా సరిచేయాలో చెప్పడంతో పాటు, ఏ ఫైలును దేనితో తెరవాలన్న సంగతి కంప్యూటర్ ఎక్కడ రాసి పెట్టుకుంటుందో, దాన్ని మార్చే అధికారం ఎవరికి ఉంటుందో కూడా వివరించగలరని కోరుతున్నాను. కారణం తెలియకుండా చేసిన మరమ్మతు ఇంకో ప్రోగ్రాం వేసిన రోజు మళ్లీ చెడుతుంది.

ఒంగోలు_సిస్టమ్స్

నమస్కారం అండీ. మీ ఫైళ్లకు ఏమీ కాలేదు, ముందు ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. విండోస్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు సిస్టమ్ ఫైలు లోపలికి తొంగి చూడదు. పేరులో చివరి చుక్క తర్వాత ఏముందో, అంటే ఎక్స్‌టెన్షన్ ఏమిటో మాత్రమే చూస్తుంది. ఆ ఎక్స్‌టెన్షన్‌ను పట్టుకుని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులను దాచుకునే చోట వెతుకుతుంది.

రిజిస్ట్రీలో హెచ్‌కీ క్లాసెస్ రూట్ అనే భాగం ఉంటుంది. అందులో డాట్ పీఎండీ అన్న పేరుతో ఒక కీ ఉంటుంది, ఆ కీలో ఇంకో పేరు రాసి ఉంటుంది. ఈ రెండో పేరును ప్రోగ్‌ఐడీ అంటారు. ఆ ప్రోగ్‌ఐడీ పేరుతో మరో కీ ఉంటుంది. దాని కింద షెల్, షెల్ కింద ఓపెన్, ఓపెన్ కింద కమాండ్ అని వరుసగా దిగుతూ వెళ్తే చివరకు ప్రోగ్రాం ఉన్న చోటు, దాని పక్కనే కొటేషన్ గుర్తుల మధ్య పర్సెంట్ 1 అనే గుర్తు కనిపిస్తాయి. మీరు క్లిక్ చేసిన ఫైలు పూర్తి చిరునామా ఆ పర్సెంట్ 1 స్థానంలో వచ్చి కూర్చుంటుంది. ఆ కొటేషన్ గుర్తులను చిన్న విషయంగా తీసుకోవద్దు. అవి లేకపోతే, 'పెళ్లి కార్డు 2' వంటి పేరున్న ఫైలును తెరిచినప్పుడు చాలా ప్రోగ్రాంలు ఖాళీ వచ్చిన చోటల్లా పేరును విరిచి, 'పెళ్లి' అనే ఫైలు దొరకలేదని చెబుతాయి. రిజిస్ట్రీని చేత్తో దిద్దిన కంప్యూటర్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. ఫైలు పక్కన కనిపించే ఐకాన్ కూడా ఆ ప్రోగ్‌ఐడీ కిందే నమోదై ఉంటుంది. అందుకే డిఫాల్ట్ ప్రోగ్రాం మారినప్పుడు ఫోల్డర్‌లోని ఐకాన్లన్నీ ఒక్కసారిగా మారిపోతాయి.

ఇక పట్టికల ప్రోగ్రాం మీ శుభలేఖల జోలికి ఎందుకు వచ్చిందంటే, అది కూడా తన ఫైళ్లకు డాట్ పీఎండీ అన్న ఎక్స్‌టెన్షన్‌నే పెట్టుకుంది. ఎక్స్‌టెన్షన్లను ఫలానా ప్రోగ్రాంకు కేటాయించి, ఇంకొకరు వాడకుండా చూసే సంస్థ ఏదీ లేదు. డాస్ కాలంలో పేరుకు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలు మాత్రమే ఉండేవి. ఆ మూడక్షరాల అలవాటు నేటికీ పోలేదు, కాబట్టి ఇద్దరు ఒకే ఎక్స్‌టెన్షన్‌ను ఎంచుకోవడం వింతేమీ కాదు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అసాక్ (assoc) అని కొట్టి, ఖాళీ ఇచ్చి, డాట్ పీఎండీ అని కొట్టండి. ప్రోగ్‌ఐడీ కనిపిస్తుంది. తర్వాత ఎఫ్‌టైప్ (ftype) అని కొట్టి ఆ ప్రోగ్‌ఐడీని ఇవ్వండి. అది ఏ ప్రోగ్రాంను చూపుతోందో ఇక్కడ రాయండి.

కావలి_డీటీపీ

చేసి చూశానండీ. రెండు ఆదేశాలూ పేజ్‌మేకర్‌నే చూపిస్తున్నాయి. చోటు కూడా సరిగానే ఉంది. అయినా డబుల్ క్లిక్ చేస్తే పట్టికల ప్రోగ్రామే వస్తోంది. మీరు చెప్పిన ప్రకారం ఇలా జరగకూడదు కదా?

ఒంగోలు_సిస్టమ్స్

దీనితో అసలు కారణం తేలింది. నేను చెప్పిన దానికి పైన ఇంకో అంచె ఉంది, మీ కంప్యూటర్‌లో తేడా వచ్చింది అక్కడే.

అసాక్, ఎఫ్‌టైప్ ఆదేశాలు కంప్యూటర్ మొత్తానికి వర్తించే నమోదును మాత్రమే చూపిస్తాయి. విండోస్ అంతకంటే ముందు, లాగిన్ అయి ఉన్న యూజర్ స్వయంగా ఏమైనా ఎంచుకున్నారా అని చూస్తుంది. ఆ ఎంపిక యూజర్ సొంత రిజిస్ట్రీ భాగంలో, ఎక్స్‌ప్లోరర్ కింద ఫైల్ ఎక్స్‌ట్స్ అనే చోట, ప్రతి ఎక్స్‌టెన్షన్ పేరు కింద యూజర్ ఛాయిస్ అనే కీలో ఉంటుంది. అది ఉంటే మిగతా నమోదులను విండోస్ పట్టించుకోదు. ఒక ఎక్స్‌టెన్షన్‌ను తెరవగల కొత్త ప్రోగ్రాం వచ్చాక, అలాంటి ఫైలును మొదటిసారి క్లిక్ చేసినప్పుడు 'దీన్ని దేనితో తెరవాలి?' అని విండోస్ అడుగుతుంది. అక్కడ కొత్త ప్రోగ్రాం పేరు పైనే కనిపిస్తుంది, 'ఎప్పుడూ దీనితోనే' అన్న టిక్ పెట్టుకునే వీలూ ఉంటుంది. సెంటర్‌లో పని హడావుడిలో ఎవరో ఓకే నొక్కి ఉంటారు. ఆ ఒక్క క్లిక్ యూజర్ ఛాయిస్‌లో నమోదై ఉంటుంది.

సరిచేయడానికి ఒక డాట్ పీఎండీ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో 'మరో యాప్ ఎంచుకోండి' అన్న చోటికి వెళ్లండి. పేజ్‌మేకర్ జాబితాలో కనిపించకపోతే అడుగున 'ఈ పీసీలో మరో యాప్ కోసం చూడండి' అన్నది నొక్కి, పేజ్‌మేకర్ ఫోల్డర్‌లోని దాని ప్రోగ్రాం ఫైలును చూపించండి. 'ఎప్పుడూ' అన్న టిక్ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. పీడీఎఫ్‌కు కూడా ఇదే పద్ధతి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ అన్న చోట ఎక్స్‌టెన్షన్ల వారీగానూ మార్చవచ్చు.

యూజర్ ఛాయిస్ కీని రిజిస్ట్రీ ఎడిటర్‌లో చేత్తో దిద్దాలని మాత్రం ప్రయత్నించకండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ కీలో ప్రోగ్‌ఐడీ పక్కన హ్యాష్ అనే విలువ ఒకటి ఉంటుంది. యూజర్ గుర్తింపు, ఎక్స్‌టెన్షన్, ప్రోగ్‌ఐడీ వంటివన్నీ కలిపి విండోస్ దాన్ని లెక్కిస్తుంది. లెక్క సరిపోకపోతే ఎవరో దొంగదారిలో మార్చారని భావించి ఎంపికను రద్దు చేస్తుంది, 'యాప్ డిఫాల్ట్ రీసెట్ అయింది' అని ఒక నోటీసు కూడా చూపిస్తుంది. అంతకు పూర్వం ప్రతి ప్రోగ్రామూ ఇన్‌స్టాల్ అవుతూనే పాటలన్నీ నావి, ఫొటోలన్నీ నావి అని యూజర్‌ను అడగకుండానే లాక్కునేది. ఆ పోటీకి ఈ హ్యాష్ కొంత అడ్డుకట్ట వేసింది. డిఫాల్ట్ ఎంపిక యూజర్ చేతిలోనే ఉండాలి కాబట్టి ఇది మంచి మార్పే అని నా నమ్మకం.

ఆత్మకూరు_బీటెక్

మధ్యలో కల్పించుకుంటున్నందుకు క్షమించండి. లినక్స్‌లో ఈ సమస్యే ఉండదని మా సీనియర్లు చెబుతారు. అక్కడ పేరుతో పని లేదని, సిస్టమ్ ఫైలు లోపలి బైట్లను చూసి రకాన్ని కనిపెడుతుందని అంటారు. విండోస్ కూడా అలాగే చేస్తే సరిపోతుంది కదా?

కోవూరు_లినక్స్

తమ్ముడూ, ఆ మాటలో సగమే నిజం. ఫైల్ అనే టెర్మినల్ ఆదేశం అచ్చంగా లోపలి బైట్లనే చూస్తుంది. డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ తెరిచి డబుల్ క్లిక్ చేసినప్పుడు జరిగేది వేరు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్‌లు ఫ్రీడెస్క్‌టాప్ ప్రమాణంలోని షేర్డ్ మైమ్ ఇన్ఫో అనే జాబితాను అనుసరిస్తాయి. ఆ ప్రమాణం ప్రకారం ముందు పేరునే చూస్తారు. ఆ పేరుకు ఒకే రకం సరిపోతే అదే ఖాయం. ఏ రకమూ సరిపోకపోయినా, ఒకటి కంటే ఎక్కువ సరిపోయినా అప్పుడు లోపలి బైట్లను పరిశీలిస్తారు.

డాట్ టీఎస్ ఎక్స్‌టెన్షన్‌ను తీసుకోండి. టీవీ ప్రసారాల వీడియో ఫైళ్లకూ, క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతిలో అనువాదాలు దాచే ఫైళ్లకూ అదే ఎక్స్‌టెన్షన్. ప్రసార వీడియోలో ప్రతి 188 బైట్లకు ఒక ప్యాకెట్ మొదలవుతుంది. ప్రతి ప్యాకెట్‌లోనూ మొదటి బైటు విలువ పదహారు ఆధారంగా రాస్తే 47. మొదటి బైటులోనూ, మళ్లీ 188 బైట్ల తర్వాతా 47 కనిపిస్తే అది వీడియో అని చెప్పవచ్చు. అనువాద ఫైలు అయితే ఎక్స్‌ఎంఎల్ పాఠంగా మొదలవుతుంది. పేరు ఒకటే అయినా ఇక్కడ తగువు తీరిపోయింది.

రకం తేలాక దానికి మైమ్ టైప్ అనే పేరు వస్తుంది. 1992లో ఈమెయిల్ జోడింపుల కోసం వచ్చిన ప్రమాణంలో ఈ పేర్లు పుట్టాయి. పీడీఎఫ్ అయితే అప్లికేషన్, ఏటవాలు గీత, పీడీఎఫ్ అన్న రూపంలో ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ల మాదిరిగా కాకుండా వీటిని ఐయానా అనే సంస్థ నమోదు చేస్తుంది. ప్రతి ప్రోగ్రాం తన డాట్ డెస్క్‌టాప్ ఫైలులో ఏయే మైమ్ టైపులను తెరవగలదో ప్రకటించుకుంటుంది. యూజర్ ఎంపిక మాత్రం హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ లోపల మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే మామూలు పాఠం ఫైలులో ఉంటుంది. డిఫాల్ట్ అప్లికేషన్స్ అన్న శీర్షిక కింద ఒక్కో వరుసలో ఒక రకం, సమాన గుర్తు, ఒక ప్రోగ్రాం పేరు కనిపిస్తాయి. హ్యాష్ ఏదీ ఉండదు. నోట్‌ప్యాడ్ లాంటి ఏ ఎడిటర్‌తోనైనా దిద్దుకోవచ్చు.

కావలి సోదరులకు ఒక సంగతి. లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్యాకేజీలో, 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి డ్రా ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలుగుతోంది. అను ఫాంట్లు ఆ కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు బదులు పొంతన లేని గుర్తులు కనిపిస్తాయి. పాత శుభలేఖలో ఏముందో ఒకసారి చూసుకోవడానికి పనికొస్తుంది కానీ అచ్చుకు పంపేంత నమ్మకం దాని మీద పెట్టకండి.

సింగరాయకొండ_టీచర్

నేను ప్రభుత్వ పాఠశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పిల్లలు బొమ్మ ఫైలు పేరులో డాట్ పీఎన్‌జీ తీసేసి డాట్ జేపీజీ అని మార్చి, ఫైలును మార్చేశామని చూపిస్తారు. తెరిస్తే బొమ్మ చక్కగానే కనబడుతుంది. వర్డ్ ఫైలు పేరును పీడీఎఫ్‌గా మారిస్తే మాత్రం తెరుచుకోదు. ఒకే పని రెండు రకాల ఫలితం ఎందుకు ఇస్తోందో పిల్లలకు చెప్పడానికి సరైన వివరణ కావాలి.

ఒంగోలు_సిస్టమ్స్

మంచి ప్రశ్న అడిగారు మేడమ్. ఇక్కడ రెండు పనులు వేరువేరుగా జరుగుతున్నాయి. ఏ ప్రోగ్రాంను పిలవాలో సిస్టమ్ పేరును చూసి నిర్ణయిస్తుంది. పిలుపు అందుకున్న ప్రోగ్రాం ఆ ఫైలును చదివేటప్పుడు తానే మొదటి బైట్లను పరిశీలించుకుంటుంది. పీఎన్‌జీ, జేపీజీ రెంటికీ డిఫాల్ట్ ఒకే ఫొటో ప్రోగ్రాం కాబట్టి పేరు మార్చినా ఫైలు దాని దగ్గరకే చేరింది. అది లోపల చూసి పీఎన్‌జీ అని గుర్తుపట్టి బొమ్మను చూపించింది. పేరు మారింది కానీ ఫైలు ఇప్పటికీ పీఎన్‌జీయే. వర్డ్ ఫైలు అయితే పేరు మారగానే పీడీఎఫ్ రీడర్ దగ్గరకు వెళ్లింది. దానికి వర్డ్ ఫైలును చదవడం రాదు.

పిల్లలకు చూపించాలంటే ఒక పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలోనే పర్సెంట్ గుర్తు, పీడీఎఫ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత వెర్షన్ సంఖ్య కనిపిస్తాయి. పేరును ఏమని మార్చినా ఆ వరుస మారదు. అదే పద్ధతిలో డాట్ డాక్‌ఎక్స్ ఫైలును తెరిస్తే మొదట పీ, కే అన్న రెండక్షరాలు ఉంటాయి. అవి జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరాలు. సేవ్ చేయకుండా మూసేయమని పిల్లలకు ముందే చెప్పండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఫైలు పాడవుతుంది.

ఆత్మకూరు_బీటెక్

అంటే డాక్‌ఎక్స్ కూడా జిప్ ఫైలేనా? అలాగైతే మొదటి బైట్లను మాత్రమే చూసే సిస్టమ్ వర్డ్ ఫైలును కూడా జిప్ అనుకుని, విప్పే ప్రోగ్రాంలో తెరుస్తుంది.

కోవూరు_లినక్స్

సరిగ్గా పట్టుకున్నావు. లోపలి బైట్లు కూడా పూర్తి సమాధానం కావు. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ కొత్త ఫైళ్లన్నీ బయటి నుంచి చూస్తే జిప్‌లే. పాత డాట్ డాక్, డాట్ ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లు రెండూ ఒకే రకమైన ఎనిమిది బైట్లతో మొదలవుతాయి, కాబట్టి వాటినీ అంత సులువుగా విడదీయలేం. లిబ్రే ఆఫీస్ వాడే ఓపెన్ డాక్యుమెంట్ ప్రమాణం రాసినవారు ఈ చిక్కును ముందే ఊహించారు. ఆ జిప్ లోపల మొదటి ఫైలుగా మైమ్‌టైప్ అనే పేరుతో చిన్న ఫైలు పెట్టి, దాన్ని కుదించకుండా ఉంచాలని నియమం పెట్టారు. అందువల్ల జిప్‌ను విప్పకుండానే మొదటి కొద్ది బైట్లలో అది పత్రమో పట్టికో తెలిసిపోతుంది. ఫైలు తన రకం తానే చెప్పుకునేలా చేసిన ఈ ఏర్పాటును నేను ఎంతో గౌరవిస్తాను.

పేరు, బైట్లు రెండింటినీ కలిపి చూడటమే సరైన పద్ధతి. పేరు యూజర్ ఉద్దేశాన్ని చెబుతుంది. ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, ఒక మామూలు పాఠం ఫైలు, ఒక పైథాన్ ప్రోగ్రాం ఈ మూడూ బైట్లలో చూస్తే అక్షరాలే. వాటిలో తేడా ఎక్కువగా పేరులోనే ఉంటుంది. అందుకే ప్రమాణం పేరుకు మొదటి స్థానం ఇచ్చింది.

కందుకూరు_డిజైనర్

మేక్ వాడేవారి తరఫున నేనూ ఒక మాట చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్నకు ఇంకొక సమాధానం ఒకప్పుడు అక్కడ ఉండేది. 1984లో వచ్చిన తొలి మేకింటాష్ నుంచి ప్రతి ఫైలుకూ రెండు గుర్తులు ఉండేవి. ఒకటి ఫైలు రకం, రెండోది దాన్ని సృష్టించిన ప్రోగ్రాం. ఒక్కొక్కటి నాలుగేసి అక్షరాలు. ఇవి పేరులోనూ, ఫైలు లోపలి సమాచారంలోనూ కాకుండా డిస్కు సొంత పట్టికలో ఉండేవి. అందువల్ల ఒకే ఫోల్డర్‌లో రెండు పాఠం ఫైళ్లు ఉంటే, ఏది ఏ ప్రోగ్రాంలో పుట్టిందో డబుల్ క్లిక్‌తో అందులోనే తెరుచుకునేది. కావలి వారి పీఎండీ తగాదా ఆ పద్ధతిలో పుట్టేదే కాదు.

అయితే ఆ ఫైలును వేరే రకం కంప్యూటర్‌కో, ఇంటర్నెట్‌లోకో పంపగానే ఆ గుర్తులు రాలిపోయేవి, ఫైలు అనామకంగా మిగిలేది. ఇంటర్నెట్ విస్తరించాక ఆ పద్ధతి నిలబడలేదు. 2005లో మేక్ ఓఎస్ 10.4తో ఫైలు రకాలకు యూటీఐ అనే కొత్త పేర్లు వచ్చాయి. ఇందులో రకాలకు వంశక్రమం ఉంటుంది. జేపెగ్ అనేది చిత్రం అనే పెద్ద రకం కిందికి వస్తుంది, కాబట్టి చిత్రాలన్నీ తెరవగలనని ప్రకటించుకున్న ప్రోగ్రాంకు జేపెగ్ గురించి విడిగా చెప్పనవసరం లేదు. 2009లో వచ్చిన 10.6 నుంచి సృష్టికర్త గుర్తును సిస్టమ్ పట్టించుకోవడం మానేసింది. నా మట్టుకు నాకు అది నష్టంగానే అనిపించింది. ఇప్పుడు మేక్‌లో మార్చుకోవాలంటే ఫైలును ఎంచుకుని గెట్ ఇన్ఫో తెరిచి, ఓపెన్ విత్‌లో ప్రోగ్రాంను మార్చి, కింద ఉన్న ఛేంజ్ ఆల్ నొక్కాలి. అది నొక్కకపోతే మార్పు ఆ ఒక్క ఫైలుకే వర్తిస్తుంది.

చీమకుర్తి_ఎగుమతులు

గ్రానైట్ ఎగుమతి పత్రాలు చూసే ఆఫీసులో పనిచేస్తాను. ఈ చర్చలో భద్రత సంగతి ఇంకా రాలేదు, అది చాలా ముఖ్యమని నా భావన. మాకు వచ్చే మెయిళ్లలో 'ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' వంటి పేర్లున్న జోడింపులు ఉంటాయి. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచి ఉంచుతుంది కాబట్టి చూసేవారికి 'ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్' అని మాత్రమే కనిపిస్తుంది. ఐకాన్ కూడా పీడీఎఫ్‌ది పెట్టి పంపుతారు. సిస్టమ్ మాత్రం చివరి చుక్కనే లెక్కలోకి తీసుకుంటుంది. డబుల్ క్లిక్ చేయగానే పత్రం తెరుచుకోదు, ప్రోగ్రాం నడుస్తుంది.

2000 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన ఐ లవ్ యూ వైరస్ పట్టింది ఈ దారినే. దాని ఫైలు పేరు డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్ అని ముగిసేది. చివరి ముక్క దాగి ఉండటంతో ప్రేమలేఖ ఉన్న మామూలు పాఠం ఫైలు అనుకుని జనం తెరిచారు. డాట్ వీబీఎస్‌కు డిఫాల్ట్ ప్రోగ్రాం స్క్రిప్టులను, అంటే చిన్న ప్రోగ్రాంలను నడిపే విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ కాబట్టి ఆ క్లిక్‌తో స్క్రిప్ట్ నడిచింది.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా టిక్ పెట్టుకోండి. మా ఆఫీసులో కొత్త కంప్యూటర్ వస్తే మొదట చేసే పని ఇదే. ల్యాబ్‌లో కూడా తప్పకుండా పెట్టించండి మేడమ్. పిల్లలకు ఫైలు అసలు పేరు కనిపించాలి.

కోవూరు_లినక్స్

చీమకుర్తి వారు చెప్పింది అక్షరాలా నిజం. లినక్స్‌లో ఫైలు ప్రోగ్రాంగా నడవాలంటే దానికి ఎగ్జిక్యూట్ అనుమతి విడిగా ఉండాలి. మెయిల్‌లో నుంచి దించుకున్న ఫైలుకు ఆ అనుమతి మామూలుగా ఉండదు. పేరును బట్టి ఫైలు ప్రోగ్రాంగా మారిపోయే ప్రమాదం అక్కడ తక్కువ. అయినా ఎక్స్‌టెన్షన్ చూసి తెరవడం అనే అలవాటు ఏ సిస్టమ్‌లోనైనా అవసరమే.

కావలి_డీటీపీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఓపెన్ విత్ ద్వారా పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఫైలును చూపించి, 'ఎప్పుడూ' టిక్ పెట్టాను. ఫోల్డర్‌లోని ఐకాన్లన్నీ వెంటనే పాత రూపానికి వచ్చాయి, శుభలేఖలు పేజ్‌మేకర్‌లోనే తెరుచుకుంటున్నాయి. పట్టికల ప్రోగ్రాంలో సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ రూపాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకున్నాను, కాబట్టి మా కంప్యూటర్‌లో డాట్ పీఎండీ అంటే ఇకపై పేజ్‌మేకర్ ఒక్కటే.

పీడీఎఫ్‌ను బ్రౌజర్ నుంచి రీడర్‌కు మార్చాను. దీనికి కారణం ఉంది. మా దగ్గరకు ఈ-ఆధార్ ప్రింట్ల కోసం చాలామంది వస్తారు. ఆ పీడీఎఫ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. దాన్ని సరిచూసే సౌకర్యం చాలా బ్రౌజర్లలోని వ్యూయర్‌లో ఉండదు. అక్రోబాట్ రీడర్‌లో అయితే సంతకం మీద రైట్ క్లిక్ చేసి, వ్యాలిడేట్ చేసి, పచ్చ టిక్ గుర్తు వచ్చాక ప్రింట్ ఇవ్వవచ్చు.

సింగరాయకొండ_టీచర్

నాది చివరి ప్రశ్న. ల్యాబ్‌లోని కంప్యూటర్లన్నిటిలో విండోస్ ఉంది. ప్రతి దాని దగ్గరా కూర్చుని ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నూ మార్చాల్సిందేనా? హ్యాష్ ఉన్నందున రిజిస్ట్రీ ఫైలును ఒక దాని నుంచి ఇంకో దానికి కాపీ చేసినా పనిచేయదని అర్థమైంది.

ఒంగోలు_సిస్టమ్స్

కాపీ చేస్తే పనిచేయదు మేడమ్, హ్యాష్‌లో యూజర్ గుర్తింపు కూడా కలిసి ఉంటుంది. మీ పనికి డిజమ్ (DISM) అనే ఆదేశం ఉంది. ఒక కంప్యూటర్‌లో డిఫాల్ట్‌లన్నీ మీకు కావలసినట్టు పెట్టుకోండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిజమ్‌లోని ఎక్స్‌పోర్ట్ డిఫాల్ట్ యాప్ అసోసియేషన్స్ ద్వారా వాటిని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా తీయండి. ఆ ఫైలులో వరుసకు ఒక ఎక్స్‌టెన్షన్, దాని ప్రోగ్‌ఐడీ, ప్రోగ్రాం పేరు ఉంటాయి. మీకు అవసరమైన వరుసలు ఉంచి మిగతావి తీసేయవచ్చు. తర్వాత పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, మిగతా కంప్యూటర్లలో డిజమ్‌తోనే ఇంపోర్ట్ చేయండి. ఆ ప్రోగ్రాంలు అక్కడ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

ఒక్క విషయం గమనించండి. ఇలా ఇంపోర్ట్ చేసినవి ఆ తర్వాత కొత్తగా సృష్టించిన యూజర్ ఖాతాలకు, వారు మొదటిసారి లాగిన్ అయినప్పుడు వర్తిస్తాయి. ఇప్పటికే ఉన్న ఖాతాలు మారవు. ల్యాబ్‌లో పిల్లలందరూ వాడే ఖాతా పాతదైతే, అందులోని పనులను దాచుకుని, ఇంపోర్ట్ పూర్తయ్యాక కొత్త ఖాతా తెరిచి ఇవ్వండి.